ప్రసవ వేళ చేయి వదలని తోడు: డూలాను ఎలా ఎంచుకోవాలి, ఇంటి మనిషిని అందుకు ఎలా సిద్ధం చేసుకోవాలి

మా చెల్లెలికి నొప్పులు మొదలైన రాత్రి మేం ఐదుగురం ఆసుపత్రికి వెళ్ళాం: అమ్మ, పిన్ని, చెల్లెలి అత్తగారు, మా మరిది, నేను. లేబర్ రూమ్ తలుపు దగ్గర చెల్లెలిని లోపలికి తీసుకెళ్ళి, మమ్మల్ని వరండాలో కూర్చోమన్నారు. పదకొండు గంటలు కూర్చున్నాం. వైద్యంలో ఏ లోటూ జరగలేదు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటికి వచ్చారు. అయినా ఆ రోజు గురించి ఎప్పుడు అడిగినా చెల్లెలు చెప్పేది ఒకటే మాట: "గోడ మీద గడియారం తప్ప నాకు తోడెవరూ లేరక్కా."

బయట ఐదుగురం, లోపల తనొక్కతే. ఆ ఐదుగురిలో ఒక్కరైనా లోపల ఉండాల్సింది. ఎవరు ఉండాలి, ఉండి ఏం చేయాలి అన్నది మాలో ఎవరూ ముందుగా ఆలోచించలేదు. ఆ తర్వాతే నేను డూలాగా శిక్షణ తీసుకున్నాను. ఇప్పుడు కాన్పులకు తోడు వెళ్ళడమే నా పని. మీ ఇంట్లో ఎవరైనా నెలలు నిండుతున్నవారు ఉంటే కింద రాసినవి ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.

డూలా ఎవరు, ఎవరు కాదు

గ్రీకు భాషలో డూలా అంటే సేవకురాలు. 1970లలో డానా రాఫెల్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త, బాలింతకు అండగా నిలిచే స్త్రీకి ఈ పేరు వాడారు. తర్వాత మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అనే ఇద్దరు పిల్లల డాక్టర్లు తమ బృందంతో గ్వాటెమాలాలోని ఒక ఆసుపత్రిలో చిన్న ప్రయోగం చేశారు. నొప్పులతో వచ్చిన కొందరు తల్లుల పక్కన, ముందు పరిచయమైనా లేని ఒక స్త్రీని కూర్చోబెట్టారు. ఆమె చేసిందల్లా చేయి పట్టుకోవడం, వీపు నిమరడం, మాట్లాడటం. 1980లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, ఒంటరిగా ఉన్న తల్లులకు పట్టిన సమయంలో సగం కన్నా తక్కువలోనే తోడున్నవారికి ప్రసవం అయింది.

ఒక్క చిన్న అధ్యయనంతో ఏదీ తేలదు. అందుకే తర్వాత చాలా దేశాల్లో పరీక్షించి చూశారు. 17 దేశాల్లో 15,000 మందికి పైగా తల్లుల మీద జరిగిన 26 అధ్యయనాల వివరాలను కాక్రేన్ సంస్థ 2017లో ఒకచోట చేర్చి పరిశీలించింది. విడవకుండా ఒక మనిషి తోడున్న చోట సహజ ప్రసవాలు కొంత పెరిగాయి, సిజేరియన్లు కొంత తగ్గాయి, నొప్పుల సమయం కొంత తగ్గింది. కాన్పు చేదు జ్ఞాపకంగా మిగిలిందని చెప్పిన తల్లుల సంఖ్య కూడా తగ్గింది. ప్రసవ వేళ ప్రతి తల్లికీ తనకు నచ్చిన తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లో చెప్పింది.

డూలా పనంతా ఆ "విడవకుండా" అన్న మాటలో ఉంది. డాక్టరుగారు ఒకేసారి నలుగురిని చూసుకోవాలి. నర్సు మందులివ్వాలి, కేసు షీటు రాయాలి, షిఫ్టు అయిపోతే ఇంటికి వెళ్ళాలి. డూలాకు మాత్రం ఆ తల్లి తప్ప వేరే పని లేదు.

డూలా చేయనివి కూడా తెలుసుకోండి. బీపీ చూడదు, లోపలి పరీక్ష చేయదు, మందు ఇవ్వదు, బిడ్డను పట్టదు. మీ తరఫున నిర్ణయాలు తీసుకోదు. మన అమ్మమ్మల కాలంలో మంత్రసాని రెండు పనులూ చేసేది: బిడ్డను పట్టేది, తల్లిని కనిపెట్టుకుని ఉండేది. కాన్పులు ఆసుపత్రులకు మారాక మొదటి పని డాక్టర్ల చేతికీ నర్సుల చేతికీ వెళ్ళింది. అది ఎంతో మంచి చేసిన మార్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కాన్పులో తల్లిని పోగొట్టుకునే ఇళ్ళు మన అమ్మమ్మల కాలంతో పోలిస్తే ఎంతో తగ్గాయి. రెండో పనిని మాత్రం మనం ఎవరికీ అప్పగించలేదు. డూలా చేసేది ఆ రెండో పని ఒక్కటే.

అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఈ అంకెలు చూసి భయపడి చాలామంది నా దగ్గరికి వస్తారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. తోడు ఉంటే అవసరం లేని ఆపరేషన్ తప్పే అవకాశం కొంత పెరుగుతుంది, అంతే. ఆపరేషన్ జరగకుండా చూస్తానని హామీ ఇచ్చే డూలా దొరికితే ఆమెను పెట్టుకోకండి.

మొదటి మెట్టు: ఆరో నెలలో మనిషిని తేల్చుకోండి

డబ్బిచ్చి పెట్టుకునే డూలాలు ప్రస్తుతం హైదరాబాద్ వంటి పెద్ద నగరాల్లోనే ఎక్కువగా దొరుకుతారు. మీ ఊళ్ళో దొరక్కపోయినా, అంత ఖర్చు పెట్టుకోలేకపోయినా నిరాశ పడకండి. బంధువుల్లో ఒక మనిషిని సిద్ధం చేసుకోవచ్చు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం అలాంటివారి కోసమే.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ కాబట్టి సాధారణంగా అమ్మే తోడు వెళుతుంది. నా అనుభవం కొంచెం వేరే మాట చెబుతోంది. కూతురు నొప్పితో మెలికలు తిరుగుతుంటే చూసి తట్టుకోవడం కన్నతల్లికి చాలా కష్టం. "ఆపరేషన్ చేసేయండి మేడమ్, నా బిడ్డ బాధ చూడలేను" అని ముందుగా ఏడ్చేది తరచూ ఆమే. పిన్ని, మేనత్త, వదిన, పెళ్ళయి పిల్లలున్న స్నేహితురాలు వంటివారు చాలాసార్లు ఇంకా స్థిమితంగా ఉంటారు. అమ్మ వరండాలో ఉండి, బిడ్డ పుట్టాక లోపలికి వచ్చినా ఆమె స్థానం ఎక్కడికీ పోదు.

ఎవరిని ఎంచుకున్నా మూడు లక్షణాలు చూడండి. ఒకటి, గంటల తరబడి మాట్లాడకుండా కూర్చోగలగాలి. రెండు, "మా ఆడపడుచుకైతే రెండు రోజులు పట్టింది, చచ్చి బతికింది" లాంటి కబుర్లు చెప్పే మనిషి కాకూడదు. మూడు, ఇది అన్నిటికన్నా ముఖ్యం: గర్భిణికి ఆమె ముందు సిగ్గు, మొహమాటం ఉండకూడదు. ఆమె ముందు గట్టిగా అరవగలగాలి, వాంతి చేసుకోగలగాలి, చీర పక్కకు పోయినా పట్టించుకోకుండా ఉండగలగాలి. అత్తగారు ఎంత మంచివారైనా అక్కడ కోడలికి మొహమాటం అడ్డు వస్తే, ఆ సంగతి నోరు తెరిచి చెప్పడానికి ఆరో నెలే సరైన సమయం.

భర్తలు అడుగుతుంటారు, "నేను పనికిరానా?" అని. తప్పకుండా పనికొస్తారు, ఆసుపత్రి అనుమతిస్తే. డూలా ఉన్నా భర్తను పక్కకు తప్పించదు. ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు నీళ్ళు తాగించాలో చెబుతూ అతని చేతుల చేతే చేయిస్తుంది.

రెండో మెట్టు: ఏడో నెలలో ఆసుపత్రితో మాట్లాడండి

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఈ విషయం తెలియక చాలా కుటుంబాలు అడగనే అడగవు. ఆ మార్గదర్శకాల ప్రకారం తోడు వచ్చేది కాన్పు అనుభవం ఉన్న స్త్రీ అయి ఉండాలి. అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, నొప్పులు పడుతున్నంతసేపూ తల్లి వెంటే ఉండాలి, సిబ్బంది పనికి అడ్డు రాకూడదు, గదిలోని ఇతర తల్లుల విషయాల్లో కలగజేసుకోకూడదు. మంచాల మధ్య తెరలు, మరుగు ఉన్న చోట భర్తను కూడా అనుమతించవచ్చు.

రాతలో ఉన్నంత మాత్రాన ప్రతి చోటా జరుగుతుందని అనుకోకండి. గది ఇరుకుగా ఉంటే, ఆ రోజు కాన్పులు ఎక్కువగా ఉంటే వద్దంటారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎవరి నియమాలు వాళ్ళవి. అందుకే నొప్పులు మొదలయ్యాక తలుపు దగ్గర వాదించకుండా, ఏడో నెల పరీక్షకు వెళ్ళినప్పుడే డాక్టరుగారిని అడగండి. "మేడమ్, కాన్పప్పుడు మా పిన్నిని నాతో ఉండనిస్తారా? నొప్పులప్పుడు లేచి నడవొచ్చా? ఆపరేషన్ అయితే పిన్ని ఎక్కడ ఉండాలి?" ఈ మూడు చాలు. సరేనంటే ఆ మాట మీ ఫైలులో రాయమని వినయంగా అడగండి. కాన్పు రాత్రి డ్యూటీలో వేరే డాక్టరు ఉండవచ్చు, అప్పుడు ఆ ఒక్క వాక్యం పని చేస్తుంది. వీలైతే లేబర్ వార్డు హెడ్ నర్సును కూడా ఒకసారి కలిసి నమస్కారం పెట్టి రండి. ఆ తలుపు తెరిచేది చాలాసార్లు ఆవిడే.

మీ ఊరి ఆశా కార్యకర్తకు కూడా తోడు మనిషి పేరు చెప్పి ఉంచండి. ప్రభుత్వ ఆసుపత్రికి గర్భిణిని వెంటబెట్టుకుని వెళ్ళేది తరచూ ఆమే. అక్కడివారు ఆమె మాట వింటారు.

నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీలో, అంటే కాన్పు చేయడంలో, శిక్షణ ఇచ్చిన ఆసుపత్రి దగ్గరలో ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులతో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. మిడ్‌వైఫ్ వైద్య సేవ చేస్తుంది, డూలా చేయదు. అయినా తల్లిని ఒంటరిగా వదలకూడదన్న పట్టుదల ఇద్దరికీ ఉంటుంది. అలాంటి చోట తోడు మనిషికి ఇబ్బంది తక్కువ.

మూడో మెట్టు: డూలాను పెట్టుకుంటుంటే ఇవి అడగండి

మన దేశంలో డూలాలకు ప్రభుత్వ లైసెన్సు అంటూ ఏదీ లేదు. 1992లో అమెరికాలో మొదలైన డోనా ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇస్తాయి. సర్టిఫికెట్ చూడండి, అక్కడితో ఆగకండి. ఎన్ని కాన్పులకు స్వయంగా వెళ్ళారు? వాటిలో ఆపరేషన్‌గా మారినవి ఉన్నాయా, అప్పుడు మీరేం చేశారు? నాకు నొప్పులు వచ్చిన రోజే మీరు ఇంకో కాన్పులో ఉంటే ఎవరు వస్తారు, ఆ మనిషిని నేను ముందే కలవవచ్చా? ఇంటికి వస్తారా, నేరుగా ఆసుపత్రికి వస్తారా? బిడ్డ పుట్టాక ఎన్నిసార్లు చూడటానికి వస్తారు? మీరు చేరుకునేలోపే కాన్పు అయిపోతే డబ్బు సంగతి ఏమిటి? ఫీజు మనిషిని బట్టి, ఊరిని బట్టి చాలా మారుతుంది కాబట్టి దేనికెంత అన్నది కాగితం మీద రాయించుకోండి.

రెండో ప్రశ్నకు వచ్చే జవాబు శ్రద్ధగా వినండి. ఆపరేషన్ అయిన తల్లి గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతులో చిన్నచూపు వినిపిస్తే, రేపు మీకూ అదే ఎదురవుతుంది. స్కానింగ్ వద్దు, ఇంజెక్షన్ వద్దు, డాక్టర్లు డబ్బు కోసమే భయపెడతారు, ఇంట్లోనే కనండి అని చెప్పేవారికి, నూనెలూ మందులూ అమ్మేవారికి దూరంగా ఉండండి.

విదేశాల్లో ఉన్న మన అమ్మాయిలకు ఇక్కడో మాట. అమ్మకు వీసా సమయానికి రాక, భర్తా తనూ తప్ప ఎవరూ లేని ఇంట్లో నెలలు నిండుతున్న తెలుగు అమ్మాయిలు ఎందరో ఉన్నారు. అమెరికాలో న్యూజెర్సీ 2021 నుంచి, కాలిఫోర్నియా 2023 నుంచి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద డూలా ఖర్చు భరిస్తున్నాయి. మీ బీమాలో ఉందేమో ఫోను చేసి కనుక్కోండి. తెలుగు వచ్చిన డూలా దొరక్కపోతే వచ్చిన మనిషికి ఓ పది తెలుగు మాటలు నేర్పండి: ఊపిరి, వదులు, నీళ్ళు, ఇక్కడ నొక్కు, చాలు, భయం లేదు. నొప్పి ముదిరాక ఎంత చదువుకున్నవారికైనా నోట్లోంచి వచ్చేది "అమ్మా" అన్న మాటే. ఆ సమయంలో ఎదుటి మనిషి నోట ఒక్క తెలుగు మాట వినబడినా ఒళ్ళు సడలుతుంది.

నాలుగో మెట్టు: ఎనిమిదో నెలలో సాధన చేయండి

ఒక్క పేజీలో రాసిపెట్టుకోండి: పేరు, రక్తం గ్రూపు, మందులు పడనివి, తోడు మనిషి పేరు, మీకు కావాల్సినవి ఓ నాలుగైదు. "వీలైతే లేచి నడవనివ్వండి", "బిడ్డ పుట్టగానే నా గుండెల మీద పెట్టండి" వంటివి. ప్రతి వాక్యం ముందూ "వీలైతే" ఉండాలి. కాన్పు మన చేతిలో పూర్తిగా ఉండేది కాదు, సిబ్బందికి కూడా ఆ మాట గౌరవంగా వినిపిస్తుంది.

తర్వాత రోజూ సాయంత్రం పది నిమిషాలు తోడు మనిషితో కలిసి సాధన. ముందుగా నడుము నొక్కడం నేర్చుకోండి. గర్భిణిని కుర్చీలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, కుర్చీ వీపు మీద చేతులు ఆనించి తల వాల్చమనండి. నడుము కింద, పిరుదుల మధ్య గీత మొదలయ్యే చోటికి కొంచెం పైన చదునైన ఎముక తగులుతుంది. మీ అరచేతిలో మణికట్టుకు ఆనుకుని ఉండే దిమ్మను అక్కడ పెట్టండి. చేతి కండతో నొక్కితే ఐదు నిమిషాల్లో చేయి పీకుతుంది. మోచేయి నిటారుగా పెట్టి, ఒంటి బరువును మెల్లగా ముందుకు వాల్చండి. రుద్దకండి, ఒకే చోట ఆనించి ఉంచండి. "ఇంకొంచెం కిందికి", "ఇంకా గట్టిగా" అని ఆమే చెబుతుంది. నొప్పుల రోజు మీరు ఊహించిన దానికన్నా రెట్టింపు గట్టిగా అడుగుతుంది, కంగారు పడకండి.

తర్వాత ఊపిరి. ముక్కుతో పీల్చి, నోటితో పొడుగ్గా వదలడం, వేడి పాలు ఊదుకున్నట్టు. వదిలేటప్పుడు "ఊఁ" అని లోతైన శబ్దం వస్తే రానివ్వండి. గొంతు చించుకుని అరిస్తే భుజాలు, దవడ బిగుసుకుంటాయి. లోతైన మూలుగుతో అవి వదులవుతాయి. భుజాలు బిగుసుకోవడం కనబడగానే తోడు మనిషి అక్కడ చేయి వేయాలి. "భుజాలు వదులమ్మా" అని నోటితో చెప్పడం కన్నా చేయి వేయడమే బాగా పనిచేస్తుంది.

నిలబడి గోడకు ఆనుకోవడం, నాలుగు కాళ్ళ మీద వంగడం, ఎడమ పక్కకు తిరిగి కాళ్ళ మధ్య దిండు పెట్టుకోవడం, కుర్చీలో ముందుకు వాలడం: ఈ నాలుగు భంగిమలు చాలు. ఇంకా ఎక్కువ నేర్చుకుంటే ఆ రోజు ఏదీ గుర్తుకు రాదు.

ఐదో మెట్టు: నొప్పుల రోజు

మొదట ఒక హెచ్చరిక. రక్తం పోతున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పి వచ్చి కళ్ళు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం వచ్చినా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినా ఊపిరి సాధనల గురించి ఆలోచించకండి. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళండి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా ఆసుపత్రికి తెలియజేయండి.

ఇవేవీ లేని మొదటి కాన్పు అయితే, నొప్పులు ఐదు నిమిషాలకోసారి వస్తూ, ఒక్కోటి నిమిషం పాటు ఉంటూ, అలా గంట సాగితే బయలుదేరమని సాధారణంగా చెబుతారు. ఆసుపత్రి దూరమైతే, రెండో కాన్పు అయితే, డాక్టరుగారు వేరుగా చెప్పి ఉంటే ఇంకా ముందే కదలండి. అప్పటిదాకా ఇంట్లో ఆమె కొంచెం తిని, స్నానం చేసి, వీలైతే నిద్రపోవాలి. ఇరుగుపొరుగుకు అప్పుడే చెప్పకండి. గంటకోసారి "ఏమైంది?" అని వచ్చే ఫోన్లు తల్లిని అలసటకు గురిచేస్తాయి.

ఆసుపత్రిలో పరీక్ష చేసి, గర్భాశయ ముఖద్వారం "ఇంకా మూడు సెంటీమీటర్లే" తెరుచుకుంది అంటే నిరుత్సాహపడకండి. నొప్పులు జోరందుకునే దశ ఐదు సెంటీమీటర్ల నుంచి మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని కూడా అదే సిఫారసుల్లో ఉంది. లేబర్ రూమ్‌లో తోడు మనిషికి నేను చెప్పే మొదటి మాట, వీలుంటే గడియారం వైపు ఆమెకు వీపు ఉండేలా కూర్చోబెట్టమని.

ఇక అక్కడి నుంచి చేసే పని ఎంతో మామూలుగా ఉంటుంది. సిబ్బంది సరేనంటే ప్రతి నొప్పి తర్వాతా ఒక గుక్క నీళ్ళు, స్ట్రా పెట్టి. గంటన్నర, రెండు గంటలకోసారి బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళాలి, నిండిన మూత్రాశయం బిడ్డ దిగడానికి అడ్డు. అరగంటకోసారి భంగిమ మార్చాలి. చెమట పడితే తడిగుడ్డతో ముఖం తుడవాలి, పాదాలు చల్లబడితే మేజోళ్ళు తొడగాలి. నొప్పి వస్తున్నప్పుడు మాటలు వద్దు, చేయి చాలు. నొప్పి తగ్గాక ఒక్క మాట: "అది అయిపోయింది. ఆ నొప్పి మళ్ళీ రాదు."

సగం దాటాక ఒక సమయం వస్తుంది. ఒళ్ళు వణుకుతుంది, వాంతి అవుతుంది, అప్పటిదాకా ధైర్యంగా ఉన్న అమ్మాయి ఒక్కసారిగా "నా వల్ల కాదు, నన్ను ఇంటికి తీసుకెళ్ళిపోండి" అంటుంది. మొన్నీమధ్య ఒక అమ్మాయి నా మెడలోని గొలుసు పట్టుకుని తన ముఖం దగ్గరికి లాక్కుని మరీ ఆ మాట అంది. తోడు వచ్చినవారు చాలామంది ఇక్కడే బెదిరిపోతారు. చాలాసార్లు దాని అర్థం బిడ్డ దగ్గరపడిందనే. "ఏం కాదులే" అనకండి, ఆమెకు అవుతోంది. ముఖానికి ముఖం దగ్గరగా పెట్టి, ఆమె కళ్ళలోకి చూస్తూ, మీరే నెమ్మదిగా ఊపిరి వదలండి. మూడో నాలుగో ఊపిరికి ఆమె మీతో కలుస్తుంది. ఆ అమ్మాయి నా గొలుసు వదలకుండానే కలిసింది. నలభై నిమిషాల్లో బిడ్డ పుట్టాడు.

డాక్టరుగారు ఏదైనా చేయాలంటే, ఉదాహరణకు నొప్పులు జోరందుకోవడానికి ఇచ్చే ఇంజెక్షన్ పెంచడమో ఆపరేషనో, మొదట ఒక్కటే అడగండి: "ఇది ఇప్పటికిప్పుడు చేయాల్సిందా మేడమ్, మాట్లాడుకోవడానికి రెండు నిమిషాలు ఉందా?" ఇప్పుడే అంటే మరో మాట లేకుండా సరేననండి. సమయం ఉందంటే ఎందుకు చేస్తున్నారు, కాసేపు ఆగితే ఏమవుతుంది, వేరే దారి ఉందా అని అడగండి. అడగాల్సింది తల్లి. ఆమె అడగలేకపోతే తోడు మనిషి గుర్తు చేయాలి. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తు) కావాలని తల్లి అంటే ఇప్పించండి. నొప్పి ఆమెది, నిర్ణయమూ ఆమెదే. ఆ తర్వాత కూడా తోడు పని ఉంటుంది: పక్కకు తిప్పడం, దిండ్లు సర్దడం, కబుర్లు చెప్పడం.

ఎవరైనా కసిరితే వాదనకు దిగకండి, తల్లికీ వాళ్ళకూ మధ్యకు రండి. "సిస్టర్, మా అమ్మాయి భయపడింది, ఒక్క నిమిషం, నేను చెబుతాను" అన్న మాట నాకు చాలాసార్లు పని చేసింది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ఎన్ని కాన్పులు చూసి అలసిపోయిందో మనకు తెలియదు. కానీ కొట్టడం, బూతులు తిట్టడం జరిగితే ఊరుకోకూడదు. సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బిడ్డను దించడానికి పొట్ట మీద బలంగా నొక్కడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. అలా చేయబోతే "వేరే మార్గం ఉందా మేడమ్?" అని అడగడం మీ హక్కు.

ముక్కే సమయంలో నలుగురూ కలిసి "ముక్కు, ముక్కు" అని అరుస్తుంటే తల్లికి ఏ గొంతు వినాలో తెలియదు. మీరు అరవకండి. చెవి దగ్గర, చిన్నగా, డాక్టరుగారు చెప్పిన మాటనే మళ్ళీ చెప్పండి.

ఆపరేషన్ అయితే

తోడు మనిషి పని అక్కడితో అయిపోయిందని ఇంటికి వెళ్ళిపోవడం నేను చాలాసార్లు చూశాను. తల్లికి తోడు బాగా అవసరమైన వేళ అదే. లోపలికి అనుమతిస్తే తల దగ్గర కూర్చుని, తెర అవతల ఏం జరుగుతోందో చిన్న మాటల్లో చెప్పండి. అనుమతించకపోతే లోపలికి వెళ్ళేదాకా మంచం పక్కన నడవండి, బయటికి వచ్చేటప్పటికి మొదట కనిపించే ముఖం మీదై ఉండేలా చూసుకోండి. "పాపం, ఎంత కష్టపడి చివరికి ఆపరేషనే అయింది" అన్న మాట బంధువులెవరి నోటా ఆమె చెవిన పడనివ్వకండి.

ఆరో మెట్టు: తొలి గంట

బిడ్డ ఏడ్చి, క్షేమంగా ఉంటే ఒళ్ళు తుడిచి, తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి పైన గుడ్డ కప్పమని అడగండి. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషమైనా ఆగడం మంచిది. ఆ సమయంలో తల్లికి ఇచ్చే ఇంజెక్షన్ రక్తస్రావాన్ని అరికట్టేది, దాన్ని వద్దనకండి. గంటలోపు పాలు పట్టించాలి. ముర్రుపాలు చెంచాడే వచ్చినా పుట్టిన బిడ్డ కడుపుకు అవి చాలు. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం పట్టుకుని పెద్దవాళ్ళు తలుపు దగ్గర నిలబడతారు. వారిని నొప్పించకుండా "డాక్టరుగారు ఆర్నెల్ల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దన్నారు పెద్దమ్మా" అని ఆ బాధ్యత డాక్టరుగారి మీద వేయండి. మగబిడ్డా ఆడబిడ్డా అన్న మాట కన్నా ముందు తల్లి ఎలా ఉందో అడగమని వరండాలోని వారందరికీ ముందే చెప్పి ఉంచండి.

ఏడో మెట్టు: బాలింత ఇంటికి వచ్చాక

తోడు మనిషి కనీసం మొదటి రెండు వారాలు వచ్చిపోతూ ఉండాలి. ఆ ఇంట్లో అందరూ బిడ్డను ఎత్తుకుంటారు. మీరు తల్లి దగ్గర కూర్చోండి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలిచ్చే మనిషికి దాహం, ఆకలి ఎక్కువ. పథ్యం పేరుతో నీళ్ళు తాగనివ్వకపోవడం, కూరలు పండ్లు మానిపించడం వల్ల ఆమె నీరసించిపోతుంది. పెద్దవాళ్ళు చేసే వెల్లుల్లి కారం, మెంతికూర పప్పు హాయిగా తిననివ్వండి, వాటితోపాటు పక్కనే చెంబుడు నీళ్ళు పెట్టండి. చూడటానికి వచ్చేవారిని పదిహేను నిమిషాలకే సాగనంపే బాధ్యత భర్త తీసుకోవాలి.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. రాకపోతే ఫోను చేయండి. గంటలోపే ప్యాడు తడిసిపోయేంత రక్తం పోయినా, జ్వరం, దుర్వాసన ఉన్నా, కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ పాలు తాగడం మానేసినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మొదటి వారంలో కారణం లేకుండా కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా అదే స్థితి ఉంటే, బిడ్డను ముట్టుకోవాలని అనిపించకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే, "నేను లేకపోతే అందరికీ నయం" లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, అది "గాలి సోకడమూ" కాదు, "ఒళ్ళు బరువూ" కాదు. వైద్యం చేస్తే తగ్గే జబ్బు. డాక్టరుగారికి చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం, బిడ్డ నిద్రపోయాక, తల్లితో ఒక గంట ఒంటరిగా కూర్చోండి. "ఆ రోజు నీకేం గుర్తుంది?" అని అడగండి. ఆమె చెప్పేదాన్ని సరిదిద్దకండి, మధ్యలో మీ వైపు కథ చెప్పకండి. నొప్పుల్లో సమయం ముక్కలు ముక్కలుగా గుర్తుంటుంది. "అప్పుడు ఎవరో నా నుదురు తుడిచారు, అది నువ్వేనా?" అని ఆమే అడుగుతుంది. ఖాళీలు ఉన్న చోట మాత్రం మీరు నింపండి: ఎన్ని గంటలకు ఏం జరిగింది, బిడ్డ మొదట ఎవరి వైపు చూసింది, తను ఏమంది. మా చెల్లెలికి ఆ పదకొండు గంటల సంగతి చెప్పగలవారు మాలో ఒక్కరూ లేరు.